రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందా?

మీ ఊరి బజారు రోడ్డుకు ఇరువైపులా గోడల మీద ఎర్రరంగుతో గీసిన గీతలూ అంకెలూ మీరు చూసే ఉంటారు. రోడ్డు వెడల్పు చేయడానికి కొలతలు తీసుకున్నవాళ్ళు పెట్టిన గుర్తులవి. కొన్నాళ్ళకు ఆ గీత దాకా అరుగులు, కొట్ల ముందు భాగాలు పడగొడతారు. తాతలనాటి వేపచెట్లు, చింతచెట్లు నేలకూలుతాయి. దుమ్మంతా సద్దుమణిగేసరికి నల్లగా నిగనిగలాడే కొత్త రోడ్డు కనిపిస్తుంది. "అమ్మయ్య, ఇక రద్దీ బాధ తీరింది" అనుకుంటారు పెద్దలు. నాలుగైదేళ్ళు గడుస్తాయి. అదే రోడ్డు మీద, అదే వేళకు, మళ్ళీ అదే హారన్ల మోత. వెనక రెండు వరుసల్లో ఆగిపోయే వాహనాలు ఇప్పుడు నాలుగు వరుసల్లో ఆగిపోతాయి. అంతే తేడా!

వాహనాలు పెరిగాయి కాబట్టి అలా జరిగింది అంటారు మీరు. నిజమే. కాని అవి ఎందుకు పెరిగాయి? ఆ పెరుగుదలలో కొత్త రోడ్డుకే కొంత వాటా ఉందంటే నమ్ముతారా?

రోడ్డు నీటి గొట్టం కాదు

సన్నని గొట్టంలో నీళ్ళు సరిగా రాకపోతే లావు గొట్టం వేస్తాం. సమస్య తీరిపోతుంది. రోడ్డు కూడా అలాంటిదే అనుకోవడంలోనే ఉంది చిక్కంతా. గొట్టం లావయింది కదా అని నీళ్ళు ఎక్కడి నుంచో కొత్తగా బయలుదేరి రావు. మనుషులు వస్తారు!

రద్దీకి భయపడి ఉదయం ఏడింటికే బయలుదేరే ఉద్యోగి ఒకాయన ఉన్నాడనుకోండి. రోడ్డు వెడల్పయ్యాక ఆయన తొమ్మిదింటికి బయలుదేరతాడు. పక్క వీధుల్లోంచి చుట్టు తిరిగి పోయేవాళ్ళు తిన్నగా పెద్ద రోడ్డెక్కుతారు. బస్సులో వెళ్ళేవారిలో కొందరు కారు కొంటారు. "ఇంత మంచి రోడ్డు పడింది, పది కిలోమీటర్లు ఎంతసేపు?" అని ఊరికి దూరంగా ఇళ్ళు కట్టుకుంటారు ఇంకొందరు. ఆ తర్వాత వాళ్ళకు రోజూ ఆ పది కిలోమీటర్లూ తప్పవు. ఇలా ఖాళీ జాగా తనను నింపే వాహనాలను తానే పిలుచుకుంటుంది.

అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే ఈ సంగతి చెప్పాడు. పెద్ద నగరాల వేగ రహదారుల మీద రద్దీవేళ వచ్చే వాహనాలు, ఆ రహదారి ఎంత పట్టగలదో అంతవరకూ పెరుగుతాయన్నాడు. జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు అమెరికా నగరాల లెక్కలన్నీ తిరగేసి 2011లో ఫలితం ప్రచురించారు. పెద్ద రహదారులు నూటికి 10 వంతులు పెరిగితే, వాటి మీద వాహనాలు తిరిగే కిలోమీటర్లు కూడా ఇంచుమించు 10 వంతులే పెరుగుతున్నాయట. హ్యూస్టన్ నగరంలో కేటీ ఫ్రీవే అనే రహదారి ఉంది. 2008 నాటికి దాన్ని పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసల దాకా వెడల్పు చేశారు. ఇరవై ఆరు! కొద్ది సంవత్సరాలు తిరిగేసరికి రద్దీవేళల్లో అక్కడ ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది.

అయితే అసలు రోడ్లే వేయకూడదా? అలా ఎవరూ అనరు. దారి లేని పల్లెకు రోడ్డు పడితే ఆసుపత్రి దగ్గరవుతుంది, పంట సంతకు చేరుతుంది. మనం మాట్లాడుకుంటున్నది నగరాల్లో కార్ల రద్దీ తగ్గించడానికని మళ్ళీ మళ్ళీ వెడల్పు చేసే రోడ్ల సంగతి.

చోటు లెక్క

ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి. మూడున్నర మీటర్ల వెడల్పున్న ఒక వరుస రోడ్డు ఉంది. దాని మీద కార్లు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల చొప్పున పోతున్నాయి. ముందు కారుకూ వెనక కారుకూ మధ్య రెండు సెకన్ల ఎడం ఉండాలి. అంటే 20 మీటర్లు. కారు పొడవు 4 మీటర్లు. మొత్తం ఒక్కో కారూ 24 మీటర్ల రోడ్డును ఆక్రమిస్తుంది. మనం ఒకచోట నిలబడి చూస్తే ప్రతి 2.4 సెకన్లకు ఒక కారు దాటుతుంది. గంటకు 1,500 కార్లు. కొన్నిటిలో ఒక్కరే, కొన్నిటిలో ఇద్దరు ఉంటారు కాబట్టి సగటున ఒకటిన్నర మంది అనుకుంటే గంటకు 2,250 మంది.

వేగం రెట్టింపు చేస్తే రెట్టింపు మంది పోతారు కదా అని మీకు అనిపించవచ్చు. చేసి చూడండి. సెకనుకు 20 మీటర్ల వేగంలో రెండు సెకన్ల ఎడమంటే 40 మీటర్లు. కారు పొడవు కలిపితే 44. అంటే 2.2 సెకన్లకు ఒక కారు, గంటకు 1,636. వేగం రెట్టింపయినా దాటిన కార్లు పెరిగింది నూటికి 9 మాత్రమే!

ఇప్పుడు అదే వరుసను సైకిళ్ళకు ఇద్దాం. మూడున్నర మీటర్లలో ముగ్గురు పక్కపక్కన పోవచ్చు. వేగం గంటకు 18 కిలోమీటర్లు, అంటే సెకనుకు 5 మీటర్లు. సైకిలు నెమ్మదిగా పోతుంది, తేలిగ్గా ఆగుతుంది కాబట్టి ఒక సెకను ఎడం చాలు. అది 5 మీటర్లు. సైకిలు పొడవు 1.8. మొత్తం 6.8 మీటర్లు. ఈ లెక్కన ఒక్కో బారులో గంటకు 2,600 సైకిళ్ళకు పైగా దాటుతాయి. మూడు బారుల్లో 7,900. కూడళ్ళ దగ్గర ఆగడాలు, తొక్కిసలాటలు తీసేసి సగానికి సగం తగ్గించినా, నెమ్మదిగా నడిచే సైకిలే గంటకు ఎక్కువ మందిని దాటిస్తుంది. చిత్రంగా లేదూ? ఇక బండి ఆపుకొనే చోటయితే చెప్పనక్కరలేదు. ఒక కారు నిలిపే జాగాలో పది సైకిళ్ళు పడతాయి.

శక్తి లెక్క కూడా ఒకటి చూసి ముందుకు పోదాం. చదునైన రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో సైకిలు తొక్కడానికి గాలి నిరోధాన్నీ చక్రాల ఘర్షణనూ దాటాలి. దానికి కావలసింది సుమారు 45 వాట్లు. మీ తరగతి గదిలో తిరిగే పాత సీలింగు ఫ్యానుకు కావలసిన దానికంటే తక్కువ! మన కండరాలు తిన్న ఆహారంలో నాలుగోవంతు శక్తినే పనిగా మార్చగలవు. ఆ నష్టమంతా కలుపుకున్నా 5 కిలోమీటర్ల ప్రయాణానికి అదనంగా ఖర్చయ్యేది దాదాపు 50 కిలోకేలరీలు. అంటే ఒక ఇడ్లీ. లీటరుకు 15 కిలోమీటర్లు నడిచే కారు ఆ 5 కిలోమీటర్లకూ కాల్చే పెట్రోలులో సుమారు 2,600 కిలోకేలరీలుంటాయి. ఒక పెద్దమనిషి రోజంతా తినే తిండికి సమానం. కారు బరువు వెయ్యి కిలోలు, అందులో మనిషి అరవై డెబ్భై కిలోలు. పెట్రోలు ఎక్కువగా దేన్ని మోయడానికి ఖర్చవుతున్నదో మీరే చెప్పండి.

లెక్కలు ఇంత స్పష్టంగా ఉంటే అందరూ సైకిలెక్కరేం? ఎందుకంటే లారీలూ కార్లూ దూసుకుపోయే రోడ్డు మీద సైకిలు తొక్కడమంటే భయం. ఆ భయం వట్టిది కాదు. దాన్ని ఎలా పోగొట్టవచ్చో తెలుసుకోవడానికి ఒకసారి హాలెండు వెళ్ళి వద్దాం.

పిల్లల కోసం కదిలిన దేశం

హాలెండును నెదర్లాండ్స్ అని కూడా అంటారు. సముద్ర మట్టానికి దిగువన ఉండే పొలాలు, కాలువలు, గాలిమరలు, వాటితో పాటు సైకిళ్ళు ఆ దేశం పేరు చెప్పగానే గుర్తొస్తాయి. అక్కడ సుమారు 1 కోటీ 80 లక్షల మంది ఉన్నారు. సైకిళ్ళు 2 కోట్ల 30 లక్షల దాకా ఉంటాయి. మొత్తం ప్రయాణాలలో నాలుగోవంతుకు పైగా సైకిలు మీదే సాగుతాయి. "నేలంతా చదును, వాళ్ళకది అలవాటు" అని మనం తేల్చేస్తాం. కాని 1950, 60 దశకాలలో హాలెండు కూడా మిగతా దేశాల దారినే పట్టింది. డబ్బు చేతిలో ఆడింది, కార్లు పెరిగాయి, సైకిళ్ళు ఏటేటా తగ్గాయి. 1967లో డేవిడ్ జోకినెన్ అనే అమెరికన్ ఇంజనీరు ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి ఒక పథకం గీశాడు. పాత పేటలు కూల్చి, కాలువ పూడ్చి, నగరం నడిబొడ్డు దాకా పెద్ద మోటారు రహదారి వేయాలన్నాడు. అక్కడివాళ్ళు అది వద్దన్నారు. యూట్రెక్ట్ నగరం మాత్రం 1970ల మొదట్లో తన పాత కందకపు కాలువలో కొంతభాగం పూడ్చి దాని స్థానంలో మోటారు రోడ్డు వేసుకుంది.

ఈ వేగానికి మూల్యం చెల్లించింది ఎవరు? 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలలో దాదాపు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బడికి నడిచిపోతున్నవాళ్ళు, సైకిలు తొక్కుతున్నవాళ్ళు, ఇంటి ముందు ఆడుకుంటున్నవాళ్ళు.

విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత కూతురు కూడా అలాగే ప్రాణం కోల్పోయింది. ఆయన 1972లో తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షికకు అర్థం: "పిల్లల హత్య ఆపండి." మరీ కటువుగా లేదా ఆ మాట? ఆయన కావాలనే అలా పెట్టాడు. అంతవరకు అందరూ "ప్రమాదం" అంటూ వచ్చారు. ప్రమాదమంటే ఎవరి చేతిలోనూ లేనిది, విధిరాత. పెద్దలే గీసిన రోడ్డు, పెద్దలే నిర్ణయించిన వేగం పిల్లల ప్రాణం తీస్తూంటే దాన్ని విధిరాత అనవచ్చా? ఆ శీర్షికే పేరుగా ఒక సంఘం పుట్టింది. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి వీధులకు అడ్డంగా బల్లలు వేసుకు కూర్చున్నారు. ప్రధాని యోప్ డెన్ ఔల్ ఇంటిదాకా సైకిళ్ళ మీద వెళ్ళి, పిల్లలకు భద్రమైన వీధులు కావాలని పాటలు పాడారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డి పైప్ అనే ఇరుకు పేట ఉంది. అక్కడి బడిపిల్లలు తమ వీధిని ఆటకు వదలమని చేసిన పోరాటాన్ని 1972లో టెలివిజన్‌లో దేశమంతా చూసింది.

సరిగ్గా అదే సమయంలో ఇంకొకటి జరిగింది. 1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చి, అరబ్బు దేశాలు హాలెండుకు చమురు ఆపేశాయి. పెట్రోలు పొదుపు కోసం 1973 నవంబరు 4 నుంచి ఆదివారాలు కార్లు బయటకు తీయకూడదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. పెద్ద పెద్ద రహదారుల మీద జనం నడిచారు, సైకిలు తొక్కారు, చక్రాల బూట్లతో జారారు. కార్లు లేకపోతే తమ ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వాళ్ళు కళ్ళారా చూశారు. చమురు మళ్ళీ వచ్చింది గాని ఆ ఆదివారాలను జనం మరిచిపోలేదు.

అర మీటరులో ఉన్న ప్రాణం

భయం పోవాలంటే ఏం చేయాలి? ఇక్కడ మీ భౌతికశాస్త్రం పాఠం పనికొస్తుంది. వీధిలోకి బంతి దొర్లింది, వెనకే ఒక పాప పరుగెత్తింది. ఆమెను చూసి డ్రైవరు బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు మీద బ్రేకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గిస్తుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఆ ఒక్క సెకనులో 8.3 మీటర్లు పోతుంది. బ్రేకు పడ్డాక మరో 5 మీటర్లు. అంటే 13.3 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. అదే కారు 50 కిలోమీటర్ల వేగంతో వస్తే? మొదటి సెకనులోనే 13.9 మీటర్లు దాటేస్తుంది! మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి రెండో కారు చేరేసరికి డ్రైవరు బ్రేకు ఇంకా పడనే లేదన్నమాట. పాప 14 మీటర్ల దూరంలో ఉంటే మొదటి కారు ఆమెను తాకనే తాకదు, రెండోది ఇంచుమించు పూర్తి వేగంతో తగులుతుంది. గతిశక్తి వేగ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని మీరు చదివారు కదా. 30కీ 50కీ మధ్య ఆ శక్తి దాదాపు 2.8 రెట్లు.

ఇళ్ళ మధ్య వీధులలో కారు 30 దాటకూడదు, అక్కడ సైకిలూ కారూ కలిసి పోవచ్చు. 50 పోయే రోడ్డయితే సైకిలుకు గట్టుకట్టి వేరే బాట ఇవ్వాలి. 1990ల నుంచి హాలెండు పట్టుగా పాటిస్తున్న సూత్రం ఇదే. బోర్డు పెట్టి ఊరుకోరు. వేగంగా పోదామన్నా వీలులేకుండా వీధిని సన్నగా, మలుపులతో, మిట్టలతో కడతారు. డ్రైవరు మంచితనం మీద వాళ్ళు ఆధారపడరు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

అయితే బాటలు వేయడం కూడా ఒక్కసారిగా కుదరలేదు. 1975లో ప్రభుత్వ ఖర్చుతో హేగ్, టిల్‌బర్గ్ నగరాలలో ప్రయోగంగా చెరొక మంచి సైకిలు బాట మొదలుపెట్టారు. బాట మీద సైకిళ్ళు కిటకిటలాడాయి. తీరా ఊరంతా లెక్కవేసి చూస్తే సైకిలు వాడకం పెద్దగా పెరగలేదు! పక్క వీధుల్లో తొక్కేవాళ్ళే కొత్త బాటకు మారారు. తర్వాత 1980లలో డెల్ఫ్ట్ నగరంలో ఇంకో పద్ధతి ప్రయత్నించారు. ఒక గొప్ప బాట వేసే బదులు ఊళ్ళో తెగి ఉన్న చోట్లన్నీ కలిపారు. ఒకచోట చిన్న వంతెన, మరోచోట రోడ్డు కింద దారి, ఇంకోచోట పది గజాల అడ్డదారి. అక్కడ ఊరు మొత్తం మీద సైకిలు ప్రయాణాలు పెరిగాయి. ఇల్లు నుంచి బడిదాకా నాలుగు కిలోమీటర్ల దారిలో మూడున్నర కిలోమీటర్లు భద్రంగా ఉండి, అర కిలోమీటరు లారీల మధ్య పోవలసి వస్తే మీ అమ్మ మిమ్మల్ని పంపుతుందా? ఆ అర కిలోమీటరే మొత్తం దారి సంగతి తేల్చేస్తుంది.

హాలెండులో ఇప్పుడు కార్లే లేవనుకునేరు! సుమారు ఇద్దరికి ఒక కారుంది. మంచి మోటారు రహదారులున్నాయి. కాని బడికి, కొట్టుకు, రైలు స్టేషనుకు వెళ్ళడానికి కారు అవసరం పడదు. యూట్రెక్ట్ స్టేషను కింద 12,500 సైకిళ్ళు నిలిపే శాల 2019లో పూర్తయింది. అదే నగరంలో కాలువ పూడ్చి వేసిన మోటారు రోడ్డు చెప్పుకున్నాం గదా, జనం 2002లో ఓటు వేసి మరీ దాన్ని తవ్వించారు. 2020లో ఆ కాలువలో మళ్ళీ నీళ్ళు నిండాయి. రోడ్డు ప్రమాద మరణాలు 1971లో 3,300 ఉండగా ఇటీవలి సంవత్సరాలలో సుమారు 600-750 మధ్య ఉంటున్నాయి. మెరుగైన కార్లు, సీటు బెల్టులు, వైద్యం కూడా ఇందుకు కారణమే. సమస్యలు లేకపోలేదు. 2017లో మొదటిసారిగా అక్కడ కార్లలో చనిపోయినవారికంటే సైకిళ్ళ మీద చనిపోయినవారు ఎక్కువయ్యారు. బ్యాటరీ సైకిళ్ళు తొక్కే ముసలివాళ్ళు కూడా వారిలో ఉన్నారు. ఆ లెక్క ఇంకా కుదరవలసి ఉంది.

మరి మన దగ్గర?

2011 జనాభా లెక్కలలో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులకు వెళ్ళేవారు ఎలా వెళుతున్నారని అడిగారు. దేశం మొత్తం మీద నూటికి దాదాపు 23 మంది నడిచి, 13 మంది సైకిలు మీద వెళుతున్నారని తేలింది. కారు, జీపు, వ్యాను వాడేవారు నూటికి ముగ్గురు కూడా లేరు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మనం తలచుకొనేది మాత్రం ఆ ముగ్గురినే.

2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు దాని ఫలితాన్ని పరిశీలించారు. బడిలో చేరే ఆ ఈడు ఆడపిల్లల సంఖ్య సుమారు మూడోవంతు పెరిగిందని, హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్ళలోనే పెరుగుదల ఎక్కువని తేలింది. మన రాష్ట్రాలలోనూ బడిపిల్లలకు సైకిళ్ళు పంచిన పథకాలు నడిచాయి. సైకిలు ఇచ్చాం సరే, అది పోవడానికి దారి? హైదరాబాదులో బాహ్య వలయ రహదారి పక్కన సోలారు పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో తెరిచారు. నీడకు నీడ, విద్యుత్తుకు విద్యుత్తు, చక్కని ఆలోచన. కాని అది ఊరి చివర ఉంది. పొద్దున్నే వ్యాయామానికి బాగుంటుంది. నగరం మధ్య బడికి పోయే పిల్లకు అది దారి కాదు. టిల్‌బర్గ్ కథ గుర్తుకు వస్తున్నదా?

మన ఎండల్లో సైకిలేమిటి అంటారు కొందరు. మే నెల మిట్టమధ్యాహ్నం ఎవరికైనా కష్టమే. అయితే బడులూ ఆఫీసులూ మొదలయ్యే వేళ పొద్దుటి పూట. హాలెండువాళ్ళకూ వాన, మంచు, సముద్రపు ఎదురుగాలి ఉన్నాయి. మన దారికి కావలసింది నీడ. ఆ నీడనిచ్చే చెట్లనే రోడ్డు వెడల్పులో మొట్టమొదట కొట్టేస్తున్నాం.

మీరు చేయదగిన పని ఒకటుంది. మీ బడి చుట్టుపక్కల వీధుల పటాన్ని ఒకే కొలతలో పల్చని కాగితాల మీద పదిమందీ గీసుకోండి. ఎవరి కాగితం మీద వారు ఇంటి నుంచి బడిదాకా వచ్చే దారి గుర్తించి, సైకిలు మీద వచ్చేటప్పుడు ఎక్కడ భయం వేస్తుందో అక్కడ ఎర్ర చుక్క పెట్టండి. తర్వాత కాగితాలన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూడండి. చుక్కలు ఒకటి రెండు చోట్ల గుంపుగా కనిపిస్తాయి. సెలవు రోజున పెద్దవాళ్ళను తోడు తీసుకొని అక్కడికి వెళ్ళి, రోడ్డు వెడల్పు ఎంతో, పావుగంటలో ఎన్ని వాహనాలు పోయాయో, వాటిలో ఎంతమంది మనుషులున్నారో విడివిడిగా రాయండి. ఆ పటమూ లెక్కలూ మీ ప్రధానోపాధ్యాయుని సంతకంతో మున్సిపాలిటీకో పంచాయతీకో పంపించవచ్చు. ఒక నకలు మాత్రం తరగతి గది గోడకు అంటించుకోండి, వచ్చే ఏడు మళ్ళీ కొలిచి పక్కన పెట్టి చూడడానికి.